సున్నపు గీత

పోయిన నెల హార్స్లీ హిల్స్ మీద ఒక రిసార్టు భోజనాల గదిలో గోడకు చంద్రిక వేలాడుతూ కనిపించింది. చంద్రిక అంటే వెదురు తడిక మీద వెదురు బద్దను చుట్టలు చుట్టలుగా నిలబెట్టి కట్టిన పెద్ద పలక. పండిన పట్టుపురుగుల్ని ఏరి దాంట్లో వదిలితే, ఆ చుట్టల సందుల్లో కుదురుకుని గూళ్లు కట్టుకుంటాయి. రిసార్టువాళ్లు దానికి వార్నిషు పూసి, సందుల్లో బుడ్డ లైట్లు పెట్టి, జనం ఫొటోలు దిగడానికి కింద ఒక కుర్చీ వేశారు. నాతోపాటు బెంగళూరు నుంచి వచ్చిన గుంపులో అందరికంటే చిన్నది కావ్య. "ఇది ఏ ట్రైబల్ ఆర్ట్ ఆంటీ?" అని అడిగింది. "ఆర్ట్ కాదమ్మా, మా ఇంట్లో సామాను" అన్నాను. నమ్మలేదు. నేను దగ్గరికెళ్లి వాసన చూశాను. వార్నిషు తప్ప ఇంకేమీ లేదు.

మేమంతా అక్కడి ఘాటు రోడ్డు మీద సైకిలు తొక్కడం సాధన చేద్దామని వచ్చాం. ట్రయథ్లాన్ అని ఒక పిచ్చి ఉంది. ముందు ఈదాలి, ఒడ్డుకొచ్చి ఒళ్లు సరిగ్గా తుడుచుకోకుండానే సైకిలెక్కాలి, అది దిగి పరుగెత్తాలి. పెద్ద పందేలైతే పొద్దున మొదలుపెట్టి చీకటి పడేదాకా సాగుతాయి. నాకు అరవై దాటాయి. ఉద్యోగం అయిపోయాక ఇంట్లో కూర్చుంటే మోకాళ్లు పట్టేస్తున్నాయని ఈ గుంపులో చేరాను. పిల్లలు నన్ను ఆంటీ అంటారు, మెట్లు వస్తే నా సైకిలు వాళ్లే మోస్తారు. నేను వద్దనను.

ఈ మధ్య సముద్రం ఒడ్డున జరిగిన ఒక పందెంలో నాకు గడువు తప్పింది. ఈ పందేల్లో ప్రతి అంచెకూ ఒక గడువుంటుంది. మనం ఎక్కడున్నామో యంత్రాలకు తెలియడానికి చీలమండకు ఒక చిప్పు కట్టి పంపిస్తారు. పరుగులో చివరి అంచె దగ్గర ఒక కుర్రాడు ఎదురొచ్చి, "సారీ మేడమ్, టైమ్ అయిపోయింది" అని వంగి, నా కాలికున్న చిప్పు విప్పేసుకున్నాడు. ఎంతో మర్యాదగానే విప్పాడు. ఎక్కమని వ్యాను చూపించాడు. నేను ఎక్కలేదు. రోడ్డు పక్కనుంచే కాస్త నడుచుకుంటూ, కాస్త పరుగెత్తుకుంటూ చివరిదాకా పోయాను. గాలితో నింపిన పెద్ద తోరణం ఒకటి కడతారు అక్కడ, నేను పోయేసరికి దాని గాలి తీసి మడుస్తున్నారు. వాళ్లకు అడ్డం రాకుండా పక్కగా పోయి, గీత దాటి, ఒక కొబ్బరి బొండాం తాగి గదికి పోయాను.

రిసార్టులో ఆ మాట వచ్చినప్పుడు కావ్య, "నెక్స్ట్ టైమ్ ఫినిష్ చేస్తారులే ఆంటీ" అంది. "చేశాను కదా" అన్నాను. ఫోను నావైపు తిప్పింది. పూర్తి చేయనివాళ్ల వరసలో నా పేరుంది. "యాప్‌లో అట్లా లేదు కదా ఆంటీ" అంది పాపం, అబద్ధమాడుతున్నారని పెద్దదాన్ని అనలేక. నాకు కోపం వచ్చింది. ఆ కోపంతోనే తలెత్తి గోడమీది చంద్రికను చూస్తుంటే మా నాయన గుర్తొచ్చాడు.

మాది పుంగనూరు పక్కన పల్లె. నా చిన్నప్పుడే అమ్మ పోయింది. ఇంట్లో నేనూ, నాయనా, నాయన తల్లి మా అవ్వా. ముగ్గురం అని చెప్పుకోవడమే గానీ, ఇంటికి యజమానులు పురుగులు. నడిమిల్లు మొత్తం వాటికిచ్చేసి మేం వసారాలో పడుకునేవాళ్లం. లోపల అంతస్తులు అంతస్తులుగా వెదురు తట్టలు, చీమలెక్కకుండా స్టాండు కాళ్ల కింద నీళ్లు పోసిన గిన్నెలు. తడి ఆకు వేయకూడదు, వాడిన ఆకు వేయకూడదు. కాళ్లూ చేతులూ కడుక్కోకుండా గడప దాటకూడదు. తలకు వాసన నూనె, మొహానికి పౌడరు, జడలో మల్లెపూలు, ఏవీ లోపలికి రాకూడదు. కాలేజీకి పోయే వయసు పిల్లకు ఇది ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. పచ్చి మల్బరీ ఆకు వాసన, దానికింద పురుగుల పెంట పుల్లటి వాసన, రెంటి మీదా చల్లిన సున్నం వాసన, మూడూ కలిసి నా బట్టల్లో కాపురముండేవి. మదనపల్లె బస్సులో నా పక్కన కూర్చున్నవాళ్లు ముందుగా చేసే పని కిటికీ తెరవడం.

అవ్వకు ఆకూ వక్కా పొగాకూ లేనిదే నోరాడదు. పొగాకు సోకితే పురుగు చస్తుంది. అందుకని పంట ఉన్నన్నాళ్లూ తన సంచిని ఆవుల కొట్టంలో చూరుకు దోపి ఉంచేది. సంగటి తిన్నాక కొట్టంలోకి పోయి, మా పొట్టి ఆవు పక్కన గొంతుక్కూర్చుని తీరిగ్గా నమిలి, ఉమ్మేసి, వేపపుల్లతో పళ్లు తోముకుని, మోచేతులదాకా కడుక్కుని అప్పుడు లోపలికొచ్చేది. రోజుకు ఎన్నిసార్లో లెక్క లేదు. నాయన నవ్వితే, "యాలరా నగుతావు? మీ నాయనకు గూడా నేనింత మర్యాద ఇయ్యలే" అనేది. ఆవిడ ఆ కొట్టానికి తిరగడం చూసి విసుక్కునేదాన్ని. ఒక అలవాటును పూర్తిగా మానకుండా, పనికి అడ్డం రాకుండా ఎక్కడ పెట్టాలో తెలిసినవాళ్లు ఎంత తక్కువమందో ఇప్పుడు తెలుస్తోంది.

పట్టుపురుగు గూడు కట్టేలోపు నాలుగుసార్లు తోలు మారుస్తుంది. దాన్ని మావైపు జ్వరం అంటారు. జ్వరంలో పడ్డ పురుగు ఆకు ముట్టదు, కదలదు, తల పైకెత్తి అట్లాగే ఉండిపోతుంది. మొదటిసారి నేనొక్కదాన్నే చూసినప్పుడు తట్టంతా చచ్చిపోయిందనుకుని ఏడుస్తూ కొట్టంలోకి పరుగెత్తాను. అవ్వ నోట్లోది ఉమ్మేసి, కడుక్కుని, నింపాదిగా వచ్చి చూసింది. "సచ్చిపోలేదమ్మా, జ్వరంలో ఉండాది. పాత తోలు బిగుసుకున్యాది దానికి, వదిలిస్తాండాది. కదిలించగాకు, ఆకెయ్యగాకు. రవ్వంత సున్నం సల్లి గమ్మునుండు. అదే లేస్తాది" అంది. తొందరపడి ఆకు వేస్తే కింద ఆకు కుళ్లి పురుగుకు రోగం పడుతుంది. అందుకే మా ఇంట్లో గడప పక్కన ఎప్పుడూ సున్నపు పొడి మూట ఒకటి ఉండేది. నాలుగో జ్వరం లేచాక మాత్రం ఆ పురుగుల్ని ఆపడం ఎవరితరమూ కాదు. వేసిన ఆకు వేసినట్టే మాయమయ్యేది. అవి తినే చప్పుడు వసారాలో పడుకున్న నాకు వానలా వినిపించేది. నాయన సైకిలు మీద మూటకు మూట ఆకు తెస్తూనే ఉండేవాడు, నేనూ అవ్వా వేస్తూనే ఉండేవాళ్లం.

నాయన తక్కువ మాట్లాడేవాడు. చెప్పిందే రెండోసారి చెప్పడం ఆయనకు నచ్చదు. నాకేమో ఏదైనా మొదలుపెట్టడమంటే మహా ఇష్టం. పుంగనూరులో టైపు నేర్చుకుంటానని చేరాను, వేళ్లు కుదరలేదని మానేశాను. హిందీ పరీక్షలకు కట్టాను, రెండోదానికే విసుగొచ్చింది. కుట్టుమిషను, ఊలు అల్లిక, చివరికి కోళ్లు పెంచడం, అన్నీ సగంలో వదిలేసినవే. సగం అల్లిన స్వెట్టరు ఒకటి అటక మీద చాలాకాలం ఉండింది, ఒక చెయ్యి మాత్రం ఉన్నది. అందుకని మదనపల్లె కాలేజీలో మా పీడీ సారు, అంటే ఆటలు నేర్పే సారు, వ్యాయామ టీచర్ల శిక్షణకు అమ్మాయిలను కూడా తీసుకుంటారని చెప్పిన రోజు నేను ఎగురుకుంటూ ఇంటికొచ్చి నాయనకు చెబితే, ఆయన ఆకు కోస్తూ తలెత్తలేదు. "అది గూడా మొదలుపెడతావా?" అన్నాడు. కోప్పడలేదు, అడిగాడంతే. కోప్పడి ఉంటే బాగుండేదనిపించింది. నాకు ఆటలంటే ప్రాణం, కాలేజీలో గ్రౌండు తప్ప నేను ఏ క్లాసులోనూ సుఖంగా కూర్చోలేదు. ఈసారి నిజంగా కావాలనుకున్నదాన్ని కూడా ఆయన ఆ స్వెట్టరు పక్కన పెట్టేశాడు.

అదే రోజుల్లో పీడీ సారు ఒక పందెం ప్రకటించాడు. విదేశాల్లో ఇట్లాంటివి జరుగుతున్నాయని ఏదో పేపర్లో చదివాడట. ఊరి బయట పెద్ద చెరువు అడ్డంగా ఈదాలి, అక్కడ్నించి హార్స్లీ కొండ కిందిదాకా సైకిలు తొక్కాలి, ఘాటు రోడ్డు మీద పైదాకా పరుగెత్తాలి. అమ్మాయిలూ రావచ్చన్నాడు. నేనొక్కదాన్నే పేరిచ్చాను. ఇంటికొచ్చి నాయనకు చెప్పాను. ఈసారి కొడవలి పక్కన పెట్టాడు. "శానా మొదలుపెట్నావు పాపా. ముగించింది ఒగటి సూపించు. ఆ కొండ పైదాకా పోయి రా, నిన్ను సదివించే పూచీ నాది. నడాన నిలిస్తే మల్లా ఈ మాట ఎత్తగూడదు" అన్నాడు. ఇంకో మాట లేదు.

తీరా చూస్తే పందెం రోజుకు మా పురుగులు నాలుగో జ్వరం లేచి ఉంటాయి. ఆ రోజుల్లో ఒక జత చేతులు తగ్గితే పంట దెబ్బతింటుంది. నేను నోరెత్తలేక వసారాలో కూర్చుంటే అవ్వ కొట్టంలోంచి వచ్చింది. "నువ్వు పోయి రామ్మా, నేనుండా. ఒగ పూట పొగాకు నమలకపోతే నా రెండు చేతులూ ఖాళీనే గదా" అంది. అవ్వ పొగాకు మానడం అంటే ఏమిటో నాకు తెలుసు. పుంగనూరు బజారులో దర్జీ సాయిబు దగ్గరికి పోయి పైజామా కుట్టించుకున్నాను. దానిమీద మోకాళ్లదాకా పావడ, పైన నాయన పాత చొక్కా. ఇదంతా పందెం కోసమని విని సాయిబు కత్తెర ఆపి, "అరే బేటీ, యే క్యా సర్కస్ హై?" అన్నాడు, ఆనక మోకాలి దగ్గర రెండు కుట్లు ఎక్కువ వేసిచ్చాడు.

ఈత గురించి నాకేం బెంగ లేదు. మా చేని బావిలో అవ్వే నాకు ఈత నేర్పింది, నడుముకు ఎండిన సొరబుర్ర కట్టి ఒక్క తోపు తోసి. వేసవంతా బావిలోనే ఉండేదాన్ని. మాది గుండ్రటి బావి, గోడను కుడిచేతికి ఉంచుకుని చుట్టూ తిరుగుతూ ఈదేదాన్ని. తల ఎత్తి చూడాల్సిన పని లేదు, గోడ ఎక్కడికీ పోదు కదా. పందెం రోజు పొద్దున చెరువులోకి దూకాక ఒళ్లు చల్లబడి, చేతులు ఆడి, నేను చేపలా పోతున్నాననిపించింది. కాసేపటికి చుట్టూ ఎవరి చప్పుడూ వినిపించలేదు. అందరినీ దాటేశాననుకుని సంతోషంతో ఇంకా గట్టిగా ఈదాను. అంతలో ఎదురుగా ఇంకో తల వచ్చి నా తలకు తగిలినంత పనైంది. కుప్పం నుంచి వచ్చిన మునెప్ప అనే అబ్బాయి అది.

"యాడికి పోతాండావు మే?" అన్నాడు రొప్పుతూ.

"ఆ గట్టుకు."

"గట్టు నీ ఎనకాల ఉండాది."

"కాదు, నీ ఎనకాల ఉండాది!"

ఇద్దరం నీళ్లలో నిలబడి తొక్కుతూ వాదించుకున్నాం. కాపలాగా పుట్టి పడవలో తిరుగుతున్న పీడీ సారు దగ్గరికొచ్చి, "ఇద్దరి ఎనకాలా కాదురా, పక్కన!" అని కేకేశాడు. చూస్తే నిజమే. నేను పెద్ద సున్నా చుట్టి మళ్లీ దూకిన గట్టు దగ్గరికే వస్తున్నాను. మునెప్పది కూడా బావి ఈతే, కాకపోతే వాడి గోడ ఎడమచేతి వైపు. ఆ చెరువులో మాలాంటి పల్లెపిల్లలు ఇంకో ఇద్దరు ముగ్గురు ఎవరి బావి వాళ్లు మనసులో పెట్టుకుని తిరుగుతున్నారు. గట్టు మీద జనం పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. సారు అవతల గట్టు మీద ఒక ఈతచెట్టు చూపించి, "నాలుగు బారలకొకసారి తలెత్తి దాన్ని సూడు" అన్నాడు. అట్లాగే చేశాను. అందరికంటే చివర నీళ్లలోంచి లేచాను. ఇప్పటి పందేల్లో సముద్రంలో దిగినప్పుడు కూడా నా ఒళ్లు ఎడమకే లాగుతుంది, ఆ బావి నన్నింకా వదల్లేదు.

ఆ సిగ్గుతో, ఆ పూటకు ఆకు నెత్తిన మోసుకుంటానని నాయన నాకిచ్చిన తన సైకిలెక్కాను. వెడల్పాటి క్యారియరున్న బరువైన సైకిలు అది. చిన్నప్పుడు బారు కింద నుంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకున్నదీ దానిమీదే, పెద్దయ్యాక ఆకు మూటలు మోసిందీ దానిమీదే. వెనక మూట లేకుండా ఒట్టి సైకిలు తొక్కడం నాకు అదే మొదలు. అది గాలిలో తేలిపోయింది. చెరువులో పోయినదంతా ఇక్కడే సంపాదించాలని, ఒకరి తర్వాత ఒకరిని దాటుకుంటూ పిచ్చిగా తొక్కాను. అవ్వ మూట కట్టిస్తే సైకిలెక్కేముందు పావడ నాడాకు కట్టుకున్న చెనిక్కాయల బెల్లం ఉంటలు అట్లాగే ఉండిపోయాయి, ఆగి తినడానికి మనసొప్పలేదు. బరువు మోసేటప్పుడు బరువే మనల్ని నెమ్మదిగా పోనిస్తుంది. అది లేనప్పుడు మనమే ఆపుకోవాలి. ఈ సంగతి నాకు కొండ కింద సైకిలు దిగి నిలబడ్డాక తెలిసింది. కాళ్లు నావి కావు.

ఘాటు రోడ్డు మొదటి మలుపు పరుగెత్తాను, రెండోది నడిచాను. ఆ తర్వాత ఎండ, సైకిలు మీద నేను దాటొచ్చినవాళ్లంతా తిరిగి నన్ను దాటిపోవడం. మునెప్ప కూడా పోయాడు, పోతూ నావైపు జాలిగా చూశాడు. అదే నాకు ఎక్కువ బాధయింది. ఒక మోరీ గట్టు మీద కూలబడ్డాను. లేవాలనుకుంటే తొడలు లేవలేదు. అయిపోయింది, ఇది కూడా స్వెట్టరు పక్కకే పోయిందనుకుని ఏడ్చాను. ఏడ్చి ఏడ్చి అలసిపోయాక, తల ఎత్తి కదలకుండా కూర్చున్న నన్ను నేనే చూసుకున్నట్టయింది. తట్టలో పురుగు గుర్తొచ్చింది. చచ్చిపోలేదు, జ్వరంలో ఉంది. కదిలించకూడదు. సరే అని లేచే ప్రయత్నం మానేసి, కళ్లు మూసుకుని, నీలగిరి చెట్ల గాలి పీలుస్తూ అట్లాగే కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. కొంతసేపటికి ఆకలేసింది. ఆకలేస్తే జ్వరం లేచినట్టే. ఉంటలు విప్పి ఒకటి నమిలాను, ఇంకోటి నమిలాను.

అప్పుడు పైనుంచి లారీ దిగింది. పందెం ముగించినవాళ్లంతా దాంట్లో ఉన్నారు. పీడీ సారు దిగి, "ఎక్కమ్మా, అయిపోయింది. పైన ఎవురూ లేరు. గడియారం, బల్లలు, అన్నీ ఈ లారీలోనే ఉండాయి" అన్నాడు.

"గీత ఉండాదా సార్?" అని అడిగాను.

"గీతా? సున్నంతో గీసింది, అదెట్ల తెచ్చేది? ఆణ్ణే ఉండాది."

"అయితే పోయొస్తా సార్."

ఆయన నన్నూ, రోడ్డునూ మార్చి మార్చి చూశాడు. నీళ్ల సీసా ఇచ్చి, సాయంత్రం బస్సులో దిగమనీ, నా సైకిలు కాలేజీలో పెట్టిస్తాననీ, ఎవరు పిలిచినా నిలబడవద్దనీ చెప్పాడు. ఇప్పుడైతే ఏ సారూ ఒక ఆడపిల్లను అట్లా వదిలిపోడు, పోకూడదు కూడా. లారీ కదిలాక వెనక నుంచి మునెప్ప, "గట్టు పైన ఉండాది మే, ఎనకాల కాదు!" అని అరిచాడు. అందరూ నవ్వారు. ఈసారి నాకూ నవ్వొచ్చింది.

పైకి పోయేసరికి ఎండ వాలింది. గీత నిజంగానే అక్కడే ఉంది, మేకలు తొక్కిపోయి సగం చెదిరింది. దాని అవతలికి రెండు కాళ్లూ పెట్టి నిలబడ్డాను. టీ అంగడాయన లోపల బెంచీ మీద పడుకుని గురక పెడుతున్నాడు. ఇంకో మనిషి లేడు. ఒక్క క్షణం చాలా సంతోషమైంది, మరుక్షణం భయం పట్టుకుంది. ఎవరు చూశారు? ఇంటికి పోయి ఏం చెప్పాలి? ఇంతకుముందు ఎన్నిసార్లో నేర్చేసుకున్నానని చెప్పి వదిలేసినదాన్ని, నా మాటకు ఆ ఇంట్లో ఏపాటి విలువ? వంగి ఆ గీతలోని సున్నం రెండు చేతులతో ఊడ్చి, చొక్కా అంచున మూటగట్టుకున్నాను. బస్సు దిగి బస్సెక్కి, పుంగనూరు నుంచి పల్లెకు నడిచి, రాత్రి బాగా పొద్దుపోయాక ఇల్లు చేరాను.

నాయన వసారాలో ఆకు విప్పుతున్నాడు. లోపల పురుగులు తినే చప్పుడు రోడ్డుదాకా వినిపిస్తోంది. అవ్వ గడపలో నిలబడింది, రోజంతా పొగాకు లేక మొహం పీక్కుపోయి ఉంది.

"ముగిచ్చినావా?" అన్నాడు నాయన.

"ముగిచ్చినా నాయనా" అని, ముడి విప్పి సున్నం చూపించాను. "పైన గీత గీసింటే, దాంట్లోది తెచ్చినా."

నాయన ఆ తెల్లటి పొడిని చూశాడు. గడప పక్కన ఉన్న మా సున్నపు మూటను చూశాడు. రెండూ ఒకటే. దారంతా మూటగట్టుకుని తెచ్చింది మా ఇంటి గడప దగ్గరే బోలెడుందన్న సంగతి నాకు అప్పటిదాకా తట్టలేదు.

"ఇది యాల తెచ్చినావు పాపా?" అన్నాడు ఆయన. "పోయినా అన్న్యావు గదా. పోయింటావు. సేతులు కడుక్కోని రా, ఆకెయ్యల్ల."

నేను చేతులు కడుక్కున్నాను. కడుక్కుంటూ ఏడ్చాను, నీళ్లలో ఎవరికీ కనపడదని. అవ్వ నా వెనకే వచ్చి, కొట్టంలోకి పోయి చూరులోని సంచి తీసింది. వసారా దాకా వినపడేలా, "శివా!" అని నిట్టూర్చి నమలడం మొదలుపెట్టింది.

ఆ పంట గూళ్లు మదనపల్లె మార్కెట్టుకు వేసిన రోజే నాయన నన్ను కాలేజీకి తీసుకుపోయాడు. పీడీ సారు దరఖాస్తు అందుకుంటూ, "ఏమ్మా, ఆ పొద్దు పైదాకా పోయినావా?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే నాయన చెప్పాడు, "పోయింది సార్" అని. చూసినవాడు చెప్పినట్టు చెప్పాడు. తలమీద తువ్వాలు సర్దుకుని, కాలేజీ మెట్ల దగ్గర నిలిపిన సైకిలు తీసుకుని, ఆకు కోసే వేళవుతోందని వెళ్లిపోయాడు. ఆ ఒక్క మాట వల్ల నాకు సగంలో ఏదైనా వదిలేయడం కష్టమైపోయింది. ఎన్నిసార్లు మనసు పీకినా, ఆయన అప్పటికే నా తరఫున సాక్ష్యం చెప్పేశాడు కదా అనిపించేది. శిక్షణ ముగించాను. కుప్పంలో ఉద్యోగం వచ్చింది. అక్కడి బడిలో ఆడపిల్లలకు డ్రిల్లు టీచరుగా ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. పొలం బావుల్లో ఈత నేర్చుకున్న పిల్లలు ఎందరో వచ్చేవాళ్లు. చెరువులోకి దించే ముందు, నీ గోడ ఏ చేతివైపమ్మా అని మొదట అడిగేదాన్ని.

అవ్వ ఎప్పుడో పోయింది. నాయన కూడా పోయాడు. పురుగులు మా పల్లెలో ఇప్పుడు ఒకటి రెండిళ్లలోనే ఉన్నాయి, అవి కూడా ఇంట్లో కాదు, విడిగా కట్టిన షెడ్డులో. మంచిదే, మనుషులు నడిమింట్లో పడుకుంటున్నారు. ఇప్పటి పందేలూ మంచివే. చెరువులో దారి తప్పకుండా రంగుల బుడగలు కడతారు, దారి పొడవునా నీళ్లిస్తారు, కళ్లు తిరిగి పడితే అంబులెన్సు వస్తుంది. ఆ రోజు కొండమీద నాకేమైనా అయ్యుంటే ఎవరికీ తెలిసేది కాదు. చేతి గడియారం నా గుండె చప్పుడు లెక్కపెడుతుంది, కాలి చిప్పు నేను దాటిన అంచెలు లెక్కపెడుతుంది, ఫోను వాటిని ఊరందరికీ చెబుతుంది. వద్దనడానికి నా దగ్గర కారణం లేదు. కాకపోతే అంతా అవే చెబుతుంటే మనిషి మాట అడిగేవాళ్లు తగ్గిపోయారు.

ఇదంతా నేను ఆ రిసార్టు బల్ల దగ్గర కావ్యకు చెప్పాను, ఇంత పొడుగ్గా కాదు. ఆ పిల్ల చల్లారిపోయిన దోసె ముందు పెట్టుకుని విన్నది. విన్నాక ఫోను చేతిలోకి తీసుకుంది, ఏమనుకుందో మళ్లీ బోర్లా పెట్టేసింది.

"ఆ బీచ్ దగ్గర మీరు లైన్ దాటేటప్పుడు ఎవరూ చూడలేదా ఆంటీ?"

"తోరణం మడిచేవాళ్లున్నారు. వాళ్ల పనిలో వాళ్లున్నారు."

"మరి మీరు నిజంగా పోయారని ఎవరు చెప్తారు?"

"పోయింది" అన్నాను. మా నాయన లేడు కాబట్టి ఆ మాట నేనే చెప్పాల్సి వచ్చింది.